శుక్రవారం మారే బొమ్మ

"పెదవులు హీరోయిన్‌వి, గొంతు ఇంకొకరిదంట పాషా! మద్రాసులో ఇప్పుడదే పద్ధతి. ఆమె ఊరికే నోరు కదుపుతుంది, ఎవరో వెనకాల గదిలో నిలబడి పాడేస్తారు."

"గట్లైతే మోసం గాదా?"

"మోసమేంటి? సినిమా!"

1949 మార్చి నెల, బుధవారం మధ్యాహ్నం రెండున్నర. సికింద్రాబాద్‌లో ఒక టాకీసు వెనక, ఆపరేటర్ గదికెక్కే ఇనుప మెట్లు. పై మెట్టు మీద ఆపరేటర్ యేసురాజు, కింది మెట్టు మీద మోండా మార్కెట్ దర్జీ చాంద్‌పాషా. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల దోస్తీ. సినిమా కబుర్లు దొరికితే అన్నం సంగతి మరిచిపోయే మనుషులు. పోలీసు యాక్షన్ జరిగి ఆరు నెలలైంది. ఈ మధ్య మాత్రం చాంద్‌పాషాకు ఆ కబుర్ల మీద మనసు నిలవడం లేదు, పాపం.

"సరే, మోసమే అనుకో. కానీ ఈ కొత్త బొమ్మలో ఆ పాట వింటే నువ్వు కుర్చీలో కూర్చోలేవు. తొమ్మిది పాటలు, రెండు కత్తియుద్ధాలు, ఒక నిజం ఏనుగు! బెజవాడలో టికెట్ల దగ్గర చొక్కాలు చించుకున్నారంట. ఇక్కడా అంతే అవుతుంది చూడు, నీకు బోలెడు గిరాకీ."

"ఎన్నడొస్తది?"

"ఇందాకే చెప్పాను కదా. శుక్రవారం. రీళ్ల డబ్బాలు రేపటి రైల్లో దిగుతాయి."

"గీ శుక్రవారమేనా?"

"మరి వచ్చే ఏడాది శుక్రవారమా? నిరుడు హైదరాబాద్ సరిహద్దులు మూసినప్పుడు పాత రీళ్లే తిప్పి తిప్పి చచ్చాం. ఒక్క కొత్త డబ్బా ఇటు దాటితే ఒట్టు. ఇప్పుడు చూడు, ఒకదాని వెనక ఒకటి కొత్త బొమ్మ! ఇంకో సంగతి విన్నావా? ఎప్పుడూ విలన్ వేషం వేసే ఆయన లేడూ, ఈ బొమ్మలో మంచివాడంట."

"మంచోడా? ఎవరు నమ్ముతరు?"

"జనం నమ్మలేదంట! మొదటి రోజు ఆయన తెర మీదకి రాగానే చెప్పులు విసిరారంట. తర్వాత తెలుసుకుని ఏడ్చారంట. హీరోగారేమో సొంతంగా కంపెనీ పెట్టేశాడు. హీరోయిన్‌కీ ఆయనకీ మాటల్లేవు. ఇద్దరూ కలిసి పాడే పాట కూడా వేరే వేరే రోజుల్లో తీశారంట. నువ్వు వింటున్నావా అసలు?"

"ఇంటున్న, ఇంటున్న. ఉన్న బొమ్మ మంచిగనే నడుస్తున్నది గద రాజూ."

"మంచిగానా? నిన్న ఆరింటి ఆటకి ఎంతమంది ఉన్నారో తెలుసా? పదకొండు మంది. అందులో నువ్వొకడివి, మన గేటు కాసే సదాశివ బావమరిది ఇంకొకడు."

"పదకొండు మందైతేంది, మనుషులు గాదా?"

"మనుషులే. కానీ ఆ గడ్డం అతికించిన ఋషిని చూసి తొమ్మిది మంది గురక పెట్టారు. అది సరే గానీ, ఈ వేళప్పుడు ఎందుకొచ్చావు? రోజూ ఆరింటికి కదా వచ్చేది. పో, పోయి షాపు తెరువు. సాయంత్రం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం."

"షాపు ఏడికి పోతది? నీతోని పనుండి వచ్చిన."

"ఆ పనేదో సాయంత్రం చెప్పు."

"ఏంది, ఎల్లగొడుతున్నవ్?"

"అబ్బే, వెళ్లగొట్టడమేంటి? మూడింటి ఆట ఉంది కదా. నాకు హడావిడి."

"మొదటి గంట సుత కొట్టలే. జెర ఇను. గీ బొమ్మను ఇంకో హఫ్తా ఉంచమని సేఠ్‌కు చెప్పరాదు."

"ఇంకో వారమా? టాకీసు నడిపే సేఠ్‌కి నేను చెప్పాలా? వసూళ్లు చూసి మూడు రోజుల్నుంచి గోళ్లు కొరుక్కుంటున్నాడు ఆయన. నీకేం నచ్చిందిరా బాబూ ఇందులో?"

"కథ మంచిగున్నది."

"కథా? సరే చెప్పు. చివరికి రాజుగారి తమ్ముడు ఏమయ్యాడు?"

"ఏమైతడు... పెళ్లయితది."

"ఎవరితో?"

"గా పిల్లతోని."

"చచ్చిపోతాడు పాషా. ఇంటర్వెల్‌కి ముందే పాము కరిచి చచ్చిపోతాడు."

"చాయ్ చల్లారింది."

"చాయ్ మాట తర్వాత. నా గది కిటికీలోంచి హాలంతా కనబడుతుంది. ఏడు రోజుల్నుంచీ చూస్తున్నాను. టికెట్ కొంటావు, నేల క్లాసులో అందరికంటే ముందు కూర్చుంటావు, బొమ్మ పేర్లు పడకముందే లేచి వెళ్లిపోతావు."

"తలకాయ నొప్పి రాజూ. కండ్లు గుంజుతయి."

"పది నిమిషాలకే గుంజుతాయా?"

"వయసైతున్నది గద."

"పాషా."

"ఏంది?"

"ఏం లేదు. చెప్పాలని ఉంటే చెప్పు, లేకపోతే వద్దు. నేను అడగను."

"ముందుగాల వార్తల రీలు ఏస్తవ్ గద."

"వేస్తాను."

"దాంట్ల ఉన్నడు."

"ఊఁ."

"ఎవరని అడుగవేంది?"

"ఎవరు?"

"నా కొడుకు. మా లాల్."

"కళ్లు ఒక్కోసారి..."

"కండ్లు కాదు. జెర ఇను. సూర్యాపేట తొవ్వ. లారీ ఒకటి పక్కకు ఒరిగి ఉంటది. దాని పొంటి మనుషులను కూసుండబెట్టిన్రు, చేతులు నెత్తి మీద. ఇటుకెల్లి మూడోవాడు. నొసలు పగిలింది. అంగీ మీద నల్లగ కారింది, నెత్తురే గద అది. ఒక్కసారి మెడ తిప్పి ఇటు చూస్తడు. గంతే. మళ్ల ఎవరో పెద్దమనిషి రిబ్బను కత్తిరిస్తుంటడు."

"అలాంటి కుర్రాళ్లు చాలామంది ఉంటారు."

"మొఖం జూసి నేను సుత నమ్మలే. అంగీ జూసి నమ్మిన. రెండు జేబులకు మూతలు కావాలె, ఫౌజీ అంగీ తీరుగ కావాలె అని పానం తీసిండు. ఎడమ జేబు మూత నాకు జెర వంకర పోయింది. విప్పి మళ్ల కుడతా అన్న. 'ఎవరు చూస్తరు అబ్బా, లారీ తోలెటోనికి' అన్నడు. గా వంకర మూతనే రాజూ. గంత పెద్ద తెర మీద."

"పాషా, ఊరుకో."

"రజాకార్లు లారీ కావాలన్ననాడు నువ్వు సుత ఉన్నవు గద. లారీ తీసుకపోండ్రి, పిల్లగాణ్ణి వదలండ్రి అని కాళ్లు పట్టుకున్న. తోలెటోడు లేకుంట లారీ ఏం జేసుకుంటం అన్నరు. వాణ్ణి సుత తీసుకపోయిన్రు. పోలీసు యాక్షన్ అయినంక జైలుకాడికి పోయిన, క్యాంపుల కాడికి పోయిన. పట్టుకున్నోళ్ల పేర్లల్ల లేదు. సచ్చినోళ్ల పేర్లల్ల లేదు. ఏడ లేనోడు నీ రీలుల ఉన్నడు."

"దేవుడా."

"గా ఇంగ్లీషు గొంతు ఏం చెప్తది? నాకు తెల్వది."

"లొంగిపోయిన వాళ్లు అంటాడు."

"పేర్లు చెప్తడా?"

"చెప్పడు. ఆ తర్వాత ఏం చేశారో కూడా చెప్పడు."

"ఆరు అంకెలు లెక్కబెట్టినంత సేపు ఉంటడు. నేను లెక్కబెట్టిన. ఏడు అనేటాల్లకు పోతడు."

"నేనొక పని చేస్తాను. అక్కడ నాలుగు అంగుళాలు కత్తిరించి, మళ్లీ అతికించేస్తా. తెర మీద ఒక చిన్న కుదుపు, అంతే. ఆ ముక్క నీకిస్తాను. దీపం ముందు పెట్టి చూసుకో."

"నౌకరి పోతది నీకు."

"పోతే పోనీ."

"వద్దు రాజూ. ఫోటో ఇంట్ల ఉన్నది. దీంట్లయితే వాడు మెడ తిప్పుతడు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"ఇంకో హఫ్తా."

"నా చేతుల్లో ఉంటే వందేళ్లు తిప్పుతాను. ఆ బొమ్మతోపాటు ఈ రీలు కూడా డబ్బాలో పెట్టి పంపేయాలి. శుక్రవారం నుంచి వరంగల్లులో వేస్తారు."

"వరంగల్లా? అయితే నేను వరంగల్లు పోత."

"తర్వాత కరీంనగర్ పోతుంది. అక్కణ్నుంచి ఇంకెక్కడికో. రోజుకి మూడు ఆటలు. గీతలు పడి పడి చివరికి వాన కురిసినట్టు కనబడుతుంది. అప్పటిదాకా దాని వెంట తిరుగుతావా?"

"కనబడినన్ని దినాలు చూస్త."

"ఇంట్లో మీ ఆవిడకేం చెబుతావు, నజ్మున్నీసాకి?"

"బట్ట కొననీకి పోతున్నా అంట. అడిగితే నువ్వు సుత గదే చెప్పు."

"ఆమెని ఒక్కదాన్నీ ఇంట్లో వదిలేసి, అబద్ధం చెప్పి పోతావా?"

"ఆమె ఇప్పుడు మంచిగున్నది రాజూ. సంక్రాంతి ముందట మసీదు కాడ ఒకాయన కలిసిండు. లాల్ తొవ్వలనే లారీ దిగి రైలెక్కిండు, బొంబాయిల ఏదో మోటారు కార్ఖానాల ఉన్నడు అని చెప్పిండు. ఎవరో చెప్తే ఇన్నడట. నేను నమ్మలే. నాకు తసల్లీ కోసం, మనసు నిమ్మళం జేయనీకి అన్నడు, పాపం. కానీ ఇంటికి పోయి ఆమెకు చెప్పిన. గప్పటి సంది కంటి నిండ నిద్రపోతుంది. బజారుకు పోతుంది. పక్కింటి అమీనా వాళ్లింట్ల పెళ్లికి సుత పోయింది. నేను సుత నమ్మినట్టే ఉంటున్న."

"నమ్మినట్టు..."

"ఏం జేయాలె మరి? ఇద్దరం కూసొని ఏడ్వాలెనా? గీ రీలు చూసిందంటే ఆమెకు ఎరుకైతది, వాడు లారీ దిగనే లేదని. అందుకే చెప్తున్న, ఆమె చెవుల పడొద్దు. మాటియ్యి రాజూ."

"ఇవ్వలేను."

"ఏందీ?"

"ఆ మాట నేను ఇవ్వలేను పాషా."

"ఇరవై ఏండ్ల దోస్తీ మనది. ఒక్క మాట అడుగుతున్న."

"ఇలాంటిదే ఒక మాట ఇంకొకరికి ఇచ్చేశాను."

"ఎవరికి?"

"అదిగో, మొదటి గంట కొట్టారు. నేను పైకి వెళ్లాలి. నువ్వు ఆరింటికి రా."

"ఎవరికిచ్చినవ్? చెప్పి పో."

"బైబిలు మీద చెయ్యేసి కాకపోయినా మాట మాటే కదా. చెప్పకూడదు. నువ్వు వరంగల్లు పోతానంటున్నావు. ఇక్కడ ఆమె... చెప్పకపోతే ఇంకా పాపం. ఉండు. కూర్చో. కూర్చో పాషా."

"కూసుంటా గాని, నువ్వు చెప్పు."

"ఆడవాళ్లు కూర్చునే జనానా క్లాసుకి, మూడింటి ఆటకి ఒకావిడ వస్తోంది. తొమ్మిది రోజులైంది. బురఖా తియ్యదు. దీపాలు ఆర్పి జనానా ముందున్న పరదా పక్కకి లాగగానే ముందుకొచ్చి కూర్చుంటుంది. వార్తల రీలు అయిపోగానే లేచి వెళ్లిపోతుంది. జనానా గేటు కాసే అక్బర్ బీకి అనుమానం వచ్చింది. ఏమ్మా, ఒంట్లో బాగాలేదా అని ఒకరోజు చెయ్యి పట్టుకుని అడిగింది. అప్పుడు ఏడ్చిందంట. తర్వాత ఆవిడే నన్ను కిందికి పిలిపించింది."

"ఎవరామె?"

"ఎవరని అడుగుతున్నావా పాషా?"

"మా నజ్మున్నీసానా?"

"చాయ్ ఒలికిపోతోంది. గ్లాసు ఇటివ్వు."

"తొమ్మిది దినాలా?"

"తొమ్మిది. ముందు అమీనాతో కలిసి సరదాగానే వచ్చిందంట, ఋషి బొమ్మ చూద్దామని. ఆ మర్నాటి నుంచీ ఒక్కతే."

"నాకన్న రెండు దినాలు ముందుగాల్నే చూసింది."

"అవును."

"పొద్దుగాల నాకు రొట్టె పెట్టుకుంట అడిగింది... బొంబాయిల అన్నీ రొట్టెలేనా, వానికి బువ్వ దొరుకుతదా లేదా అని. దొరుకుతది, మనోళ్ల హోటళ్లు మస్తు ఉంటయి అన్న. అవునా, మంచిగైంది అన్నది. నవ్వుకుంట అన్నది రాజూ."

"నువ్వు కూడా నవ్వుతూనే చెప్పి ఉంటావు."

"ఇప్పుడు లోపలున్నదా?"

"మొదటి గంట కొట్టకముందే వచ్చి కూర్చుంటుంది."

"పక్కకు ఎవరన్న ఉన్నరా?"

"జనానా అంతా ఖాళీ. ఆమె ఒక్కతే."

"నీతోని ఏమన్నది? నిన్ను కిందికి పిలిచింది గద, ఏమని పిలిచింది?"

"బొమ్మ మార్చొద్దంది. మారిస్తే ఆ డబ్బా ఏ ఊరు పోతుందని అడిగింది."

"ఇంక?"

"ఇంకేం లేదు. రెండో గంట కొట్టేస్తారు, నేను పోవాలి."

"మాటియ్యమన్నది గద. ఏమని?"

"వద్దులే పాషా."

"చెప్పు రాజూ. సాఫ్ చెప్పు."

"'అన్నా, మా ఆయనకు మాత్రం ఎరుకపడనియ్యకు. కొడుకు బొంబాయిల ఉన్నడన్న మాటను గట్టిగ పట్టుకున్నడు. గా మాట మీదనే పొద్దుగాల లేచి మిషన్ ముందట కూసుంటుండు' అంది."