ఎండలో నిలబడ్డ పీట

ఏంటే శ్రావ్యా, పొద్దున్నే వచ్చి ఆ ఫోనుకేసి అలా గుడ్లప్పగించి చూస్తావ్? ఓహో, తమరిప్పుడు సూపర్‌వైజరమ్మగారు కదూ, మెసేజీ కొట్టి మనిషిని మాన్పించేస్తారన్నమాట! ఎవర్ని? సుమతినా? ఏం చేసిందట పాపం... పెట్టెడు దిద్దులూ ఎడం చెవికేనా? నవ్వట్లేదే, దగ్గొచ్చింది. ఈ చిలకలపూడి గిల్టు నగల పనిలో ఆ తప్పు నాకంటే బాగా చేసినవాళ్ళు లేరు తల్లీ.

మా మేస్త్రీ సీతారామయ్యగారని, పోయి ఇరవయ్యేళ్ళు దాటింది. మనిషి ఇంతే ఉండేవాడు, గొంతు మాత్రం గిలకలదిండి రేవులో చేపల వేలంపాట అరిచే గొంతు. నేను చేరిన కొత్త. నెమలి దిద్దులు చేస్తున్నాం. జతలో రెండు నెమళ్ళూ ఎదురెదురు చూసుకోవాలిగా, రేకు అటొకటి ఇటొకటి తిప్పి వెనక కాడ అతకాలి. నేనేమో పొద్దుట్నుంచీ ఒకే వైపు అతికేశా. సాయంత్రం చూస్తే నెమళ్ళన్నీ రేషన్ షాపు క్యూలో నిలబడ్డట్టు ఒకే దిక్కు చూస్తున్నాయ్! నా పని అయిపోయింది, రేపట్నుంచి మళ్ళీ మా అత్త పక్కన వలలు బాగుచేసుకోడమే అనుకున్నా. ఆయన వచ్చాడు, చూశాడు. నన్ను లేవమన్నాడు. లేచా. నా ముక్కాలి పీట వైపు తిరిగి, "ఏమే పీటా, బుద్ధుందా నీకు? మనిషి కూర్చుంటే కుదురుగా ఉండొద్దూ? నీ మూలానే పిల్ల చెయ్యి తిరగబడింది! పో, ఎండలో నిలబడు!" అని, తనే మోసుకెళ్ళి వాకిట్లో పెట్టొచ్చాడు. ఒట్టే! వచ్చి తన కుర్చీ నా వైపు తోసి, "నీ పీట శిక్షలో ఉందమ్మా, ఇందులో కూర్చో" అని, తను కింద చతికిలబడి కాడలు ఊడదీయడం మొదలెట్టాడు. చాలాసేపటికి, తలెత్తకుండా, "ఇంట్లో పిల్లాడికి ఒంట్లో బాలేదా?" అన్నాడు. మూడ్రోజులుగా జ్వరమే వాడికి. నేనెవరికీ చెప్పలేదే! అప్పుడొచ్చింది చూడు ఏడుపు.

ఆ తర్వాత పీటమీదకి నెట్టడం అందరికీ అలుసైపోయింది అనుకో. కోటేశ్వరరావని ఉండేవాడు, ఆలస్యంగా వచ్చి, "మా పీట నిన్న సెకండ్ షోకెళ్ళిందండీ మేస్త్రీగారూ" అనేవాడు. ఆయనేమో నవ్వకుండా, "రేపు ఎనిమిదింటికి రాకపోతే దాని కాళ్ళు విరగ్గొడతానని చెప్పు" అనేవాడు. మర్నాడు ఏడున్నరకే వచ్చేవాడు వెధవ.

అవునుగానీ, సుమతిని అడిగావా, ఇంట్లో ఎలా ఉందని? అడగలేదూ. ఊఁ... మీ దగ్గరన్నీ ప్లాస్టిక్ కుర్చీలేగా. వాటిని తిట్టినా సిగ్గుండదే. నువ్వు కూర్చున్నదుందే, అది పట్టుకెళ్ళు. ఆనాడు ఎండలో నిలబడ్డ పీటే ఇది. అలవాటైన ప్రాణం, ఏమీ అనుకోదు. కాస్త మెల్లగా తిట్టు, ఒక కాలు వదులైంది... ఏంటే, మెసేజీ కొట్టకుండానే ఫోను సంచీలో పెట్టేశావ్? సర్లే, రొయ్యలావిడ వీధి మలుపు తిరిగిపోతోంది, ఆ గిన్నె ఇలా అందుకో.