సామ్రాజ్యమ్మ కంప్యూటర్లో దొంగ కాపలా

ఇదిగో, నిన్నే. ఆ ఫోను పక్కన పెట్టి విను. తెర మీద ఎర్రగా ఏదో మెరిస్తే చాలు, ముందూ వెనకా చూడకుండా నొక్కేస్తావు. ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి "మీ ఇంట్లో పాముంది, తలుపు తియ్యండి" అంటే తీస్తావా? నువ్వెవరు, నీకెట్లా తెలుసు అని అడుగుతావుగా? మరి ఆ బుద్ధి ఇక్కడేమైంది? సామ్రాజ్యమ్మ కూడా అడగలేదంట. అడగనందుకు ఏమైందో చెప్తా.

సామ్రాజ్యమ్మ అంటే సాలెవీధిలో చీర అంచులకి బొమ్మలు గీసే మనిషి. వెనకటికి గళ్ళ కాగితం మీద గీసేది, తర్వాత కంప్యూటర్ మీద నేర్చుకుంది. ఆమె గీసిందాన్ని బట్టి అట్టలకి చిల్లులు పొడుస్తారు, ఆ అట్టల్ని బట్టి మగ్గం మీద బొమ్మ లేస్తుంది. ఆ ఏడు హంసలంచు ఒకటి గీసింది. పట్నం కొట్టువాళ్ళు చూసి, నేసినన్నీ కొంటాం, కానీ ఈ అంచు ఇంకెక్కడ కనపడినా మాకొద్దు అన్నారంట. వీధి వీధంతా దాని మీదే ఆశ పెట్టుకుంది అనుకో. అప్పుడొచ్చాడు ఉపేంద్ర. వాడూ ఆ వీధివాడే, ఇంట్లో మగ్గం ఉంది, బజార్లో కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. "అత్తా, ఇంత బొమ్మ పెట్టుకుని కాపలా లేకపోతే ఎట్లా? నేను ఊరికే వేస్తాగా" అని, పెన్ డ్రైవు గుచ్చి ఏదో ఎక్కించాడు. కంప్యూటర్‌తో వచ్చిన కాపలా ఒకటి ముందే ఉందిగా, దాన్ని ఆపేశాడు. ఎందుకురా అంటే, ఒక ఇంట్లో రెండు కాపలాలు పడవత్తా అన్నాడంట. తెర మీద డాలు బొమ్మొకటి వచ్చి కూచుంది.

నాలుగు రోజులు తిరక్కుండానే ఏమైందంటే, ఆ డాలు ఎర్రబడి వైరస్ వైరస్ అని ఒకటే కూత. ఉపేంద్ర పరిగెత్తుకొచ్చాడు. "చూశావా, నేను వెయ్యబట్టి తెలిసింది" అని కంప్యూటర్ పెట్టె తన కొట్టుకి మోసుకెళ్ళి మర్నాడు తెచ్చిచ్చాడు. ఈమె వాడికి గారెలు వండి పెట్టింది. దొంగకి గారెలు! ఆయుధపూజ నాడు వైర్లన్నీ పీకి, దుమ్ము తుడిచి, మగ్గానికి పెట్టినట్టే తెర మీద డాలు కూచునే చోట కూడా కుంకుమ పెట్టింది. నవ్వకు! నమ్మినవాళ్ళని చూసి నవ్వడం కాదు, నమ్మించినవాణ్ణి చూసి మండాలి.

పూజయ్యాక నెట్ వైరు తప్ప మిగతావి పెట్టి కంప్యూటర్ వేసింది. డాలు మళ్ళీ మొదలెట్టింది, ఇప్పుడే నెట్‌లోంచి కొత్త వైరస్ వచ్చిందంట. తోటికోడలు కోటమ్మ "బొట్టు పెట్టావుగా అక్కా, పూనకం వచ్చింది" అంది. సామ్రాజ్యమ్మకి నవ్వు రాలేదు. నెట్ వైరేమో మేకుకి వేలాడుతోంది. మూసిన తలుపు మూసినట్టే ఉంటే దొంగ ఏ దారిన వచ్చాడు? పని నేర్పిన మేడంకి ఫోన్ చేసింది. ఆవిడ "ఏ ఫైలు చెడిందో పేరు చెప్పిందా?" అంది. లేదమ్మా, అరుపే అంది ఈమె. "అయితే అది మోసం. నెట్ వైరు పెట్టకు, అది చూపించే బటనేదీ నొక్కకు. సేఫ్ మోడ్‌లో లేపు, అవసరమైనవే లేస్తాయి, ఇది లేవదు. అప్పుడు ప్రోగ్రాముల్లో పట్టుకుని తీసెయ్. పాత కాపలాని లేపి మొత్తం వెతికించు. పాస్‌వర్డులన్నీ మార్చు." అట్లాగే చేసింది. ఇల్లంతా వెతికితే దొరికిన దొంగ ఒకడే, ఆ కాపలావాడే!

మరి పెట్టె కొట్టుకెందుకు మోశాడు? అట్టలు పొడిచే మనిషిని అడిగితే తెలిసింది. "నీ హంసలకే ఇంకో జత అట్టలు పొడిచాను. నువ్వే పంపావన్నాడుగా ఉపేంద్ర!" సామ్రాజ్యమ్మ తిట్టలేదు, కొట్టలేదు. ఇంటింటికీ వెళ్ళి ఉన్నమాట చెప్పి వచ్చిందంతే.

ఆ తెల్లారి ఉపేంద్ర హంసలంచు నేసి వేరే కొట్టుకి అమ్ముకుందామని వీధిలో పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, చాపి గంజి పట్టించాడు. గంజి పెట్టిన పడుగు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, అటూ ఇటూ పదిమంది పట్టి, ఎండెక్కకముందే కుంచెతో దువ్వి పోగూ పోగూ విడదియ్యాలి. పగవాడి పడుగైనా సరే చెయ్యి వెయ్యడం ఆ వీధి కట్టు. ఆ రోజు ఒక్కరు కదల్లేదంట. "బాబాయ్, ఒక్క చెయ్యి... పిన్నీ, నువ్వైనా..." అని గుమ్మం గుమ్మానికీ తిరిగాడు. కోటమ్మ అరుగు మీద ఒళ్ళో చేతులు పెట్టుకుని కూచునే "చేతులు ఖాళీ లేవు నాయనా" అంది. ఎండెక్కింది. పోగుకి పోగు అతుక్కుని పడుగంతా కట్టెలా బిగిసింది. విడదీసినచోటల్లా పుటుక్కున తెగింది. అప్పట్నుంచీ వాడి పడుగు పట్టిన మనిషి లేడు. తండ్రి నేసిన మగ్గాన్ని వాడే విప్పి, పొయ్యిలో పెట్టుకున్నాడంట.