పిల్లి మీసాల కుంచె

తైనాన్‌లోని రంగుల దుకాణంలో షూయున్ అరగంటగా కుంచెలు ఏరుతోంది. వెంట వచ్చిన చెల్లెలు గులకరాళ్ల మీద వేసే పిల్లుల్ని ఊరంతా మెచ్చుకుంటుంటే ఆమెకు కడుపు రగిలిపోతోంది.

"ఇంకెంతసేపక్కా? ఆ సన్నది తీసుకో."

"మొన్న అదే కొన్నా. మీసాలు చీపురుపుల్లల్లా వచ్చాయి. నువ్వు దేంతో వేస్తావో చెప్పి చావవు."

"ఇదిగో, సంచిలోనే ఉంది."

"ఇది బిడ్డ గుర్తుగా పుట్టువెంట్రుకలతో చేయించే కుంచె కదే! అదీ సంగతి. కత్తెర తగలని మొనలు, గీత సన్నగా రాక ఏమవుతుంది? అమ్మ నీకు మాత్రం చేయించిందన్నమాట. నా పుట్టువెంట్రుకలు చెత్తలో పారేసుంటుంది."

"మళ్లీ మొదలెట్టావా?"

"మొదలెట్టనా మరి? ఎప్పుడూ నువ్వే ముద్దు. పిడికి ఈ ఎర్రరంగేంటి?"

"అందానికి. ఇటివ్వు. గోకకక్కా!"

రంగు పెచ్చులూడింది. కింద చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి: పులి సంవత్సరం, షూయున్.

"ఇది నా పేరు!"

"అమ్మ చేయించింది ఒక్కటే, నీకు. నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మ పెట్టెలోంచి కొట్టేశాను. పోయిందనుకుని తను నీకు చెప్పనేలేదు."

షూయున్ కుంచె మొనను వేలితో నిమిరింది.

"అయితే ఊరంతా మెచ్చుకునే మీసాలు నా జుట్టుతో వేసినవన్నమాట."

"చూశావా, ఇందులోనూ మెప్పు నీకే! ఎప్పుడూ నువ్వే ముద్దు."