రంగు నిలవని కమ్మలు

“మళ్ల రంగు పోయింది, యమునా! సూడు, దుపట్టాకంత నీలం.”

మేడ్చల్ కంపెనీలో పదకొండేళ్లు కిటికీ చట్రాలకు రంగులు పట్టించిన యమున, ఇప్పుడు అదే పనితనంతో అల్యూమినియం రేకును కత్తిరించి, మడిచి, రంగురంగుల కమ్మలూ హారాలూ చేస్తోంది. అందరూ ఫోన్లోనే కొంటారు. దేవరయాంజాల్‌లోని ఆమె రేకుల గదికి స్వయంగా వచ్చే మనిషి హాస్టల్ వంటమనిషి అన్వరీ బేగం ఒక్కతే. యమున అక్కలా ‘ఆపా’ అని పిలిచే ఆమె, ఎప్పుడొచ్చినా కొట్లాటకే వస్తుంది. ఈ బుధవారం మధ్యాహ్నమూ అలాగే వచ్చింది.

“కూసో ఆపా. ఎండల వడి వచ్చినవ్. ముందుగాల నీళ్లు తాగు.”

“నీళ్లు గాదు, జవాబు గావాలె. ఇది నాలుగోసారి.”

“మూడోసారి.”

“నాలుగు! రంజాన్ ముంగట ఒకసారి, వానల్ల రెండుసార్లు, ఇయ్యాల ఒకసారి. నాకు లెక్క రాదనుకుంటున్నవా?”

“తానం జేసేటప్పుడు కమ్మలు తీస్తున్నవా?”

“తీస్తున్న.”

“సబ్బు గిట్ల తాకిందేమో. సెంటు…”

“నేను సెంటు పూసుకునుడు ఎవ్వల కోసం?”

“అయితే గాలి ఆపా. జవహర్‌నగర్ చెత్తకుప్ప గాలి మీ దిక్కు కొడ్తాంది గద, దానికి…”

“గాలికే రంగు పోతే మా హాస్టల్ గేటు రంగెందుకు పోలే?”

“గేటుకేసేది వేరే రంగు.”

“మరి మా చెల్లె బిడ్డ ఇఫ్రా కమ్మలకేసింది? దానికి నువ్వే పార్సిల్ జేస్తివి ఎర్ర జత. ఏడాదైంది. తానం జేస్తది, గిన్నెలు తోముతది, పెట్టుకొనే పంటది. నిగనిగ మెరుస్తున్నయి. నావేం పాపం జేసినయి?”

“ఛాయ్ వెడ్తున్న. అల్లం ఎయ్యాల్నా?”

“మాట మారుస్తున్నవ్.”

“అల్లం ఎయ్యాల్నా, వద్దా?”

“ఎయ్యి.”

“గిటియ్యి కమ్మలు. అయ్యో, నారింజ గూడ పోయిందే!”

“మరి! మా అక్క సూస్తె ఏమంటది? అల్యూమినియమా, గిన్నెలు జేసుకునేదా అని నవ్వుతది.”

“నవ్వనియ్యి. బంగారానికి ఒక్కటే రంగు. షామీర్‌పేట చెరువు మీద పొద్దుగూకినట్టు సగం నీలం, సగం నారింజ కావాల్నని నువ్వే అడిగితివి. నాలుగు రేకులు పాడుజేసుకుంటే వచ్చింది ఆ రంగు.”

“అందుకే పారేస్తలేను. ఇంకొకతైతే ఎప్పుడో మోరిల ఇసిరేసేది.”

“హాస్టల్ పిల్లలంత మంచిగున్నరా?”

“ఏ పిల్లలు? హాస్టల్ బంద్ వెట్టిండ్రు. వంటగదికి తాళమేసి, తాళంచెవి సారుకిచ్చేసిన. అరవై మందికి వండిన చెయ్యి యమునా, నిన్న నా ఒక్కదానికి వండుకుంటే ఉప్పు ఎంతెయ్యాల్నో తెలువలే.”

“మరెట్ల ఇగ?”

“బోధన్‌ల మా అక్క ఉన్నది గద. శుక్రవారం పోతున్న.”

“ఎన్ని దినాలకు?”

“దినాలేంది? సామానంత కట్టిన. ఛాయ్ పొంగుతాంది, సూడు. యమునా! పొయ్యి బంద్ జెయ్యి! ఏమైంది నీకు?”

“ఏం లేదు.”

“సగం ఛాయ్ పొయ్యి మీదనే పాయె. ఇగ పోతున్న గద, అందుకే అంటున్న, ఈసారి కమ్మలు పక్కాగ జెయ్యి. ఊకూకె గంత దూరం బోధన్ నుంచి నేను రాలేను.”

“జేస్త. అర్ధగంట వడ్తది.”

“అర్ధగంటా? ఎప్పుడు ఛాయ్ తాగేలోపలే ఇస్తుంటివి గద?”

“ఈసారి మసిలే నీళ్లల్ల ఉడకబెట్టాలె.”

“కమ్మల్ని ఉడకబెడ్తరా ఎవలన్న?”

“ఆసిడ్ల వెట్టి కరెంటు ఇస్తే రేకు మీద కంటికి కనవడని తొర్రలు పడ్తయి ఆపా. రంగు గా తొర్రలల్లకు దిగి కూసుంటది. ఉడకబెడ్తెనే వాటి మూతులు మూసుకుంటయి. ఇగ రంగు బయటికి రాదు. ఎన్నేండ్లైనా.”

“ఇఫ్రావి ఉడకబెట్టినవా?”

“ఆ.”

“అందరియి ఉడకబెడ్తవా?”

“ఆ.”

“నేను గిన్నిసార్లు వస్తిని. నీ పొయ్యి మీద ఛాయ్ గిన్నె తప్ప ఇంకో గిన్నె ఎన్నడు సూడలే.”

యమున కమ్మల్ని మళ్లీ రంగుల్లో ముంచింది. గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది.

“నీతోనే మాట్లాడుతున్న, యమునా.”

“మొదలు జేసినప్పుడు మర్సిపోయిన ఆపా. నిజంగ. కరెంటు పోయింది, పరేషాన్ల మర్సిపోయిన. ఒట్టు.”

“తర్వాత?”

“తర్వాత నువ్వు వచ్చినవ్, తిట్టినవ్, కూసున్నవ్. గోడ మీద క్యాలెండర్ పోయినేడుదని తీసి పారేసినవ్. పొద్దుగూకేదాక ఉన్నవ్. నువ్వు పోయినంక యాదికొచ్చింది, ఈ గదిల నా గొంతు నేను ఇని ఎన్ని దినాలైందో అని. ఫోన్ల కొనేటోళ్లు మాట్లాడరు ఆపా. బొటనవేలు బొమ్మ పంపి ఊకుంటరు.”

“అయితే? దానికీ నా కమ్మలకూ ఏం సంబంధం?”

“ఉడకబెడ్తే రంగు పోదు. రంగు పోకపోతే నువ్వెందుకొస్తవ్?”

“రెండు బస్సులు మారి వచ్చిన నేను! గీ మోకాళ్లు పట్టుకొని! పిలిస్తే రాకపోదునా? నోరు లేదా నీకు?”

“ఏమని పిల్వాలె?”

“ఛాయ్ తాగిపొమ్మని!”

“ఒక్క ఛాయ్ కోసం రెండు బస్సులెవలెక్కుతరు ఆపా?”

“నన్ను పిచ్చిదాన్ని జేసినవ్ గద. బస్సుల కూసొని నీతోని ఎట్ల కొట్లాడాల్నో మాటలన్ని జమ జేసుకుంటుంటి.”

“తిట్టు. ఎంత తిడ్తవో తిట్టు. తప్పు నాదే. రంగుల ముంచుడైంది, నీళ్లు మసులుతున్నయి. ఇగ ఎన్నడు పోదు నీ రంగు. ఏస్తున్న.”

“ఆగు.”

“ఏంది?”

“గా కమ్మలు ఇటియ్యి.”

“ఉడకకముందేనా? వద్దు ఆపా. శుక్రవారం బస్సు దిగేవరకే మళ్ల దుపట్టాకంత నీలమైతది.”

“కానియ్యి. రంగు పోతెనే గద మళ్ల కొట్లాటకొస్త. పొయ్యి బంద్ జెయ్యి.”