మా దొడ్డి కాకుల లెక్క

చెల్లెళ్ళారా, అన్నలారా, పక్క దొడ్డి అరేరో మామా, అభయారణ్యం ఆఫీసు నుంచి వచ్చిన హలకే బాబూ,

ఎండన పడి ఇంత దూరం నడిచి వచ్చారు. నేతిలో వేయించిన కాఫీ గింజలు అందరికీ అందాయనుకుంటాను. నా కొడుకు సోరా పోయిన నెలపొడుపునాడు జ్వరంతో పోయాడు. వాడి గురించి మాట్లాడమని నన్ను నిలబెట్టారు. నాకు మాట్లాడటం రాదు, తిట్టడం వచ్చు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మనం పశువులను లెక్కపెట్టం. పిల్లలను లెక్కపెట్టం. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి ముఖాలు చూస్తాం, ఏది రాలేదో తెలిసిపోతుంది. అవునా, కాదా? మరి నా కొడుకు పాలపళ్ళు ఊడే వయసులో మందను తోలుకొచ్చి, పదిమందీ వింటుండగా "నలభై ఒకటి" అన్నాడు. చెంప మీద ఒకటిచ్చాను. "లెక్కపెడితే తగ్గిపోతాయిరా వెధవా" అన్నాను. పొద్దు గూకేలోగా ఎర్రావు ఈనింది. వాడు చెంప రుద్దుకుంటూ వచ్చి, "అమ్మా, పెరిగాయే. మళ్ళీ పెట్టనా?" అన్నాడు. ఇంకొకటిచ్చాను. ఆ రెండోది ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలియదు.

అలాంటివాడికి హలకే బాబు ఆఫీసులో ఏ పని దొరికింది? కాకులను లెక్కపెట్టే పని. మనకు తెలిసిన కాకులే. బూడిద ఒళ్ళు, కంటి చుట్టూ నీలం, మన పేడ తవ్వి పురుగులు తింటాయి, మిట్టమధ్యాహ్నం నోరు తెరిచి మా తూమె వదినలా రొప్పుతాయి. ఈ భూమ్మీద మన చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా లేవట. తగ్గిపోతున్నాయట. ఎన్ని ఉన్నాయో తెలిస్తేనే కాపాడగలరట. మన పేడకు అంత గొప్పా అన్నాను.

అరేరో మామా, నువ్వు మొహం చిట్లించకు, ఇది చెప్పాల్సిందే. సోరా మీ దొడ్డికి వచ్చి కాకులు ఎన్ని అని అడిగితే నువ్వేమన్నావు? "ఉన్నన్ని ఉన్నాయి. కాకి మీద పడ్డ కన్ను దాని కిందున్న ఆవు మీద పడదా? పోరా" అన్నావు. వాడు పోయాడా? మూడు పూటలు నీ కాఫీ తాగుతూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "తాతా, వీటిలో నిన్ను బాగా విసిగించేది ఏది?" అన్నాడు. ఇక నువ్వు ఆగావా? కుంటిది అన్నావు. ఎద్దు మూపు మీదెక్కేది అన్నావు. పెళ్ళానికి భయపడేది, మీ బావమరిది లాంటిది అన్నావు. నువ్వు తిడుతున్నావు, వాడు నీ వెనక ఒక్కో తిట్టూ రాసి పక్కన గీత గీస్తున్నాడు. పదకొండు. లెక్కపెట్టింది నువ్వే మామా. ఆఫీసులో ఆ కాగితం చూసి, ఇది కాకుల లెక్కా, పెళ్ళి పిలుపుల జాబితానా అని మందలించారట.

అన్ని దొడ్లూ ఇలాగే పూర్తిచేశాడు. ఒక్కటి తప్ప. అది మాది. నేను ఒప్పుకోలేదు. వాడు పోయాక హలకే ఆ కాగితం తెచ్చి చదివి వినిపించాడు. మా దొడ్డి గడిలో అంకె లేదు. "అమ్మ ఒప్పుకోలేదు" అని రాసి ఉంది.

వాడు లెక్కపెట్టాడు కాబట్టే పోయాడని మీలో కొందరు గుసగుసలాడుతున్నారు. మిమ్మల్ని ఏమీ అనను, మొదటి రోజు నేనూ అలాగే అనుకున్నాను. కానీ అమ్మలారా, నేను వాణ్ణి ఎన్నడూ లెక్కపెట్టలేదు. పిల్లలెంతమంది అంటే దేవుడిచ్చినంతమంది అనేదాన్ని. ఒక్కడే అని ఒక్కనాడూ నోటితో అనలేదు. అనకుండా దాచుకుంటే మాత్రం, మిగిలాడా?

హలకే బాబూ, ఆ గడిలో రాసింది కొట్టెయ్. పెన్సిలు చేతిలో ఉంచుకో.

అందరూ లేవండి. మా దొడ్డి వైపు తిరగండి. వాడు లెక్కపెట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, చెయ్యి ఊపకూడదు. ఒకసారి దగ్గితే కన్నతల్లినని కూడా చూడకుండా నన్ను కసిరాడు. ఆ తుమ్మ నీడ ఈ రాయి దాకా వచ్చేవరకు అలాగే నిలబడదాం. తర్వాత అంకె నేనే చెబుతాను. పది దాకా నాకు వేళ్ళున్నాయి. అంతకు మించితే తూమె వదిన తనవి ఇస్తుంది.

ఇక ఎవరూ దగ్గకండి. వాడు ఊరుకోడు.