పెద్ద ధార ఆలస్యం

పార్కులో రాత్రి ఫౌంటెన్ షో కొత్త హంగులతో మొదలైంది. ఆట ముగిసి జనం లేస్తున్నా, పాత షోలో ఇరవై ఏళ్ళు చేత్తో వాల్వు తిప్పిన తండ్రి, కూతురి పక్కన కదలకుండా కూర్చున్నాడు.

"ఎలా ఉంది నాన్నా, మీ పాతదానికంటే?"

"రంగులు బాగున్నాయి. కానీ పాట ఆగాక పెద్ద ధార లేవడం ఆలస్యమైంది, చూశావా?"

"అప్పుడూ అంతేగా. పాత వీడియోలు చూసి, సెకన్లతో సహా కంప్యూటర్‌కి ఎక్కించారట."

"ఆ ఆలస్యం అసలు షోలో లేదమ్మా. నా తప్పు."

"తప్పేంటి?"

"మీ అమ్మ గేటు దగ్గర టికెట్లు చింపే పని అయ్యాక వచ్చి కూర్చునేది. ఏ వరసలో ఉందో చూసుకుని గానీ వాల్వు తిప్పేవాణ్ణి కాదు."

"రోజూనా?"

"రోజూ. అది సరే గానీ, నాకు అర్థం కావట్లేదు. ఇప్పుడీ కంప్యూటర్ ఎవరి కోసం వెతుకుతోంది?"