పైవాటాలో ప్లంబరు

మేడమీద వాటా. గుమ్మంలో అద్దెకుంటున్న ప్లంబరు, వాకిట్లో ఇంటావిడ. లోపలెక్కడో కుళాయి కారుతోంది.

"నేను ప్లంబర్ని కానని అనట్లేదు పిన్నిగారూ. వీధిలోకి వెళ్తే ప్లంబర్నే. ఈ గుమ్మం లోపల మాత్రం అద్దెకున్నవాణ్ణి. అద్దెకున్నవాడి కుళాయి కారితే ఇల్లుగలవాళ్ళే బాగుచేయించాలి."

"నాయనా, పన్నెండు రోజుల్నించీ నీ కుళాయి గోడ వెంబడి దిగి నా పడగ్గదిలోకి కారుతోంది. మీ బాబాయిగారు మంచం మీద గొడుగేసుకుని పేపరు చదువుతున్నారు."

"అదే నేనూ అంటున్నాను. ఇల్లుగలవాళ్ళే ఇంత నిర్లక్ష్యంగా ఉంటే ఎలా?"

"నాదా నిర్లక్ష్యం!"

"మరి? మీకు తడిసేది మంచం. నాకు పోయేది సంసారం. కుళాయి కారడం ఆగేదాకా గుమ్మం తొక్కనని మా ఆవిడ వాళ్ళక్క ఊరెళ్ళి కూర్చుంది."

"అమ్మాయి అందుకా వెళ్ళింది? చుట్టపుచూపుగా వెళ్ళిందన్నావు?"

"మీతో అలా అన్నాను. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తుంది. 'కుళాయి దగ్గర పెట్టండి' అంటుంది. పెడతాను. రెండు చుక్కలు వింటుంది. కట్ చేస్తుంది. పన్నెండు రోజుల్నించీ కుళాయి గొంతు తప్ప నా గొంతు వినలేదు. ఇవాళ్టిదే ఆఖరు ఫోనుట. ఇవాళా కారుతుంటే ఇక చెయ్యదుట, రాదుట."

"అయితే బాగుచెయ్యవయ్యా మహానుభావా! ఆరు కావస్తోంది!"

"చేయించండి మరి."

"ఈ వాటా ఖాళీ అయినప్పుడు ఎంతమంది వచ్చారో తెలుసా? బ్యాంకు దంపతులొచ్చారు. అలికిడి కూడా చెయ్యని లెక్కల మాస్టారొచ్చాడు. సంగీతం టీచరొచ్చి, ఇంట్లో పాడనని ఒట్టు కూడా వేసింది. అందర్నీ కాదని నీకిచ్చాను. ఎందుకిచ్చాను?"

"నా మంచితనం చూసి."

"నీ పానా చూసి! ఇంట్లోనే ప్లంబరున్నాడు, ఇక నాకు కుళాయిల బెంగ లేదని అందరికీ చెప్పుకున్నాను. మా తోడికోడలికైతే రెండుసార్లు చెప్పాను."

"అద్దె కాగితం మీద ఏం రాశారో గుర్తుందా? 'మరమ్మతులన్నియు ఇంటివారే చేయించవలెను.' మీ చేతిరాతే. కింద రెండు గీతలు కూడా గీశారు."

"అది... పెద్దమనిషి తరహాగా ఉంటుందని రాశాను."

"ఉంది. చాలా పెద్దమనిషి తరహాగా ఉంది."

"సరే. వేరే ప్లంబర్ని పిలుస్తాను."

"అయ్యయ్యో! ఆ పని మాత్రం చెయ్యకండి!"

"ఏం?"

"ప్లంబరింటికి ఇంకో ప్లంబరు సంచి పట్టుకుని మెట్లెక్కాడంటే వీధి వీధంతా చూస్తుంది. రేపట్నించి నన్నెవరు పిలుస్తారు?"

"నువ్వు చెయ్యవు, ఇంకొకణ్ణి చెయ్యనివ్వవు. ఎవర్ని పిలవమంటావు మరి?"

"నన్నే పిలవండి."

"ఇందాకట్నించీ ఏం చేస్తున్నాను!"

"మీరు పిలుస్తున్నది అద్దెకున్నవాణ్ణి. ప్లంబరు కావాలంటే ప్లంబరు నంబరుకి ఫోన్ చెయ్యాలి."

"నువ్వు నా ఎదురుగా ఉండగా..."

"పద్ధతంటే పద్ధతే పిన్నిగారూ."

"ఖర్మ. చేస్తున్నాను... అదిగో, నీ జేబులో మోగుతోంది. తియ్యి."

"ఉండండి... హలో? ఎవరండీ?"

"నేనే!"

"నేనంటే? ఏ వీధండీ?"

"నీ ముక్కుకి ఎదురుగా ఉన్న వీధి!"

"ఆ, ఆ, మేడంగారా! చెప్పండి. కుళాయా? దార్లోనే ఉన్నానండీ. పది నిమిషాల్లో మీ దగ్గరుంటాను."

"నా కాలు తొక్కేంత దగ్గర నిలబడి దార్లో ఉన్నానంటావేమయ్యా!"

"ఫోన్లో మాట్లాడేటప్పుడు నా మొహం చూడకండి పిన్నిగారూ, మాట తడబడుతుంది... హలో మేడం, లైన్లోనే ఉన్నారా? అబ్బే, ఇవాళ కుదిరేట్టు లేదండీ. రేపు పొద్దున్నే ముందు మీ ఇంటికే. ఉంటానండీ."

"పెట్టేశాడు!"

"పెట్టేశాడా? చూశారా పొగరు! ఏమంటాడు?"

"రేపొస్తాట్ట."

"ఈ ప్లంబర్లంతా ఇంతే. నోరు తెరిస్తే రేపు. మీరు మెత్తగా మాట్లాడారు. మళ్ళీ చెయ్యండి."

"ఈసారి ఫోను కాదు, చెవి పట్టుకుంటాను. తప్పుకో, లోపలికెళ్ళి నేనే చూస్తాను... ఓరి నాయనో! చుక్క చుక్కగా కారుతోందన్నావు? ఇది ధార!"

"పొద్దుటిదాకా చుక్కే."

"ఏం చేశావు దీన్ని?"

"ఊరికే ముట్టుకున్నాను. అద్దెకున్నవాడిగా."

"ఇప్పుడు ప్లంబరుగా ముట్టుకో. ఇదిగో సంచి. నేను పిలిచాను, నువ్వొచ్చావు. కానియ్యి."

"ఊఁ... ఎవడండీ దీన్ని బిగించింది? పని తెలిసినవాడి చెయ్యి కాదిది."

"నువ్వే. పోయిన వేసవిలో."

"అప్పటి నీళ్ళు వేరండీ."

"తర్వాత?"

"లోపల వాషరు పోయింది. షాపుకెళ్ళి తెస్తాను. ఒక్క అరగంట."

"సంచిలో డబ్బా నిండా ఉన్నాయి వాషర్లు."

"ఆ సైజు కాదు."

"విప్పకుండానే తెలిసిపోయిందా సైజు?"

"అనుభవం పిన్నిగారూ."

"ఆగు, ఆగు. ఎవరింటికెళ్ళినా నీది ఇదే వరస. చూస్తావు, తల గోక్కుంటావు, షాపుకంటావు. అరగంటకి ఉత్త చేతులూపుకుంటూ వచ్చి చిటికెలో చేసేస్తావు. ఆ అరగంటా షాపులో ఏం చేస్తావు?"

"షాపులో అంటే... మరి... షాపులో..."

"గోడకేసి కాదు, నాకేసి చూసి చెప్పు."

"షాపుకెళ్ళను పిన్నిగారూ. మెట్లకింద నిలబడి ఫోన్ చేస్తాను."

"ఎవరికి?"

"మా ఆవిడకి."

"పని మధ్యలో పెళ్ళాంతో కబుర్లేమిటయ్యా!"

"కబుర్లు కాదండీ. ఇలా ఉంది, ఏం చెయ్యమంటావని అడుగుతాను. ఆవిడ చెబుతుంది. వచ్చి చేస్తాను."

"అంటే... నీకు..."

"మెల్లిగా పిన్నిగారూ, కిటికీ తీసుంది. మా మామగారు ప్లంబరు. మగపిల్లల్లేరు. పదేళ్ళప్పట్నించీ ఆయన వెంట తిరిగింది ఈవిడే. గోడకి చెవి ఆనించి, లోపల పైపు ఎక్కడ పగిలిందో చెప్పేస్తుంది. నేను పెళ్ళికి ముందు దర్జీ దగ్గర కాజాలు కుట్టేవాణ్ణి. చేతులు నావి, బుర్ర ఆవిడది. బోర్డు మీద పేరు మాత్రం... నాదే."

"మరి అంత మంచి పిల్లకి అంత కోపమెందుకొచ్చింది?"

"మీ తోడికోడలిగారింటికి ఇద్దరం వెళ్ళాం. 'నీకూ ఈ పని వచ్చా అమ్మాయ్' అని ఈవిణ్ణి అడిగారావిడ. నేను నవ్వేసి..."

"నవ్వేసి?"

"ఆడవాళ్ళకేం తెలుస్తుందండీ పైపుల సంగతి, అన్నాను."

"ఓరి దేవుడా!"

"దారి పొడుగునా నాకంటే పది అడుగులు ముందు నడిచింది. ఇంటికొచ్చి, తిన్నగా ఇక్కడికొచ్చి, పానాతో ఒకే ఒక్క తిప్పు తిప్పింది. అంతే. 'మీకు తెలుసుగా, ఆపుకోండి' అని వెళ్ళిపోయింది. నాలుగుసార్లు విప్పి బిగించాను. బిగించినప్పుడల్లా ఇంకాస్త హుషారుగా పారుతోంది."

"అదిగో ఫోను! ఆరయింది."

"తియ్యకండి, తియ్యకండి!"

"ఇటివ్వు. స్పీకరు పెడతాను... అమ్మాయ్, నేనూ, కిందింటి పిన్నిని."

"పిన్నిగారా! బావున్నారా? ఒక్కసారి కుళాయి దగ్గర పెట్టండి... ఓహో. ధారే! విప్పారన్నమాట."

"నాలుగుసార్లట."

"వింటుంటే ఆరులా ఉంది."

"...ఆరే."

"అన్నేసిసార్లా! ఇదెలా ఆపాలో చెప్పమ్మా. మీ బాబాయిగారు గొడుగుతో సహా నానిపోతున్నారు."

"నాకేం తెలుస్తుందండీ పైపుల సంగతి? ఆడదాన్ని."

"నిలబడతావేమయ్యా, మాట్లాడు!"

"ఏమే... తప్పయింది."

"నీళ్ళ చప్పుడులో వినబడట్లేదు."

"తప్పయిందన్నాను! పని నీకే తెలుసు! నాకేం తెలీదు!"

"పిన్నిగారూ, మీకు వినబడిందా?"

"వినబడిందమ్మా. ఎదురింటివాళ్ళు కూడా బయటికొచ్చారు."

"అయితే సరే. తలుపు వెనక, నడుమెత్తున ఒక చిన్న చక్రం ఉంటుంది. అది కుడివైపుకి తిప్పమనండి."

"తిప్పు. అది కాదయ్యా! అది షవ... అబ్బా! నిలువునా తడిపేశాడమ్మా! జరుగు, జరుగు. టార్చి పట్టుకో. చక్రం నేను తిప్పుతాను... ఆగింది. ధార ఆగింది!"

"మీరే తిప్పారా? అయితే పానా కూడా మీరే తీసుకోండి. కుళాయి విప్పండి. బలం చూపించకండి, బిగుసుకున్న డబ్బా మూత తీసినట్టు తియ్యండి."

"వస్తోంది... వచ్చేసింది! లోపల నల్ల రబ్బరుది ఉంగరంలా ఉంది. వంకరగా ఇరుక్కుంది."

"ఆరుసార్లూ దాన్ని వంకరగానే పెట్టారాయన. తీసి తిన్నగా పెట్టండి. కుళాయి మర గీతల మీద తెల్ల టేపు చుట్టండి."

"ఎన్ని చుట్లు?"

"చేతికి చాలనిపించినన్ని."

"చాలనిపించింది."

"బిగించండి. పానా ఆగమన్నచోట ఆగండి."

"ఆగమందమ్మా."

"పిన్నిగారూ, టార్చి సరిగ్గా పడుతోందా?"

"నువ్వు మాట్లాడకు, వెలుగు కదుల్తోంది!"

"ఇప్పుడు చక్రం వెనక్కి తిప్పండి."

"తిప్పాను... అమ్మాయ్! చుక్క లేదు! కింద వేలు పెట్టి చూస్తున్నాను, పొడి! పొడిగా ఉంది!"

"ఆరు నిమిషాలు పట్టింది మీకు. మొదటిసారి నాకు పావుగంట పట్టింది. నిజంగా ఇదివరకెప్పుడూ పానా పట్టుకోలేదా?"

"ఎవరిచ్చారమ్మా పట్టుకోవడానికి?"

"ఏమే, ఆగిపోయిందిగా. వచ్చేస్తావుగా?"

"రాత్రి బస్సుకి బయల్దేరతాను. పిన్నిగారూ, మీతోనే మాట. రేపు పదింటికి ఆసుపత్రి వెనక మేడలో పని ఒప్పుకున్నాను. మూడంతస్తులు, పన్నెండు కుళాయిలు. ఒక్కదాన్నే చెయ్యలేను. మీ చెయ్యి బావుంది. వస్తారా?"

"నేనా? పన్నెండు కుళాయిలే! వస్తాను. ఎందుకు రానూ?"

"మరి నేనో, పిన్నిగారూ?"

"నువ్వు పదింటికి కిందకెళ్ళి మీ బాబాయిగారికి కాఫీ పెట్టివ్వు నాయనా. రేపట్నించి నాకు కుదరదు, పనికెళ్ళాలి."